రోడ్డు సైకిలు ఫ్రేము ఎంచుకోవడం ఎలా: స్టీలా, అల్యూమినియమా, కార్బనా, టైటానియమా?

"రేసుకు పనికిరావాలి, రెండు వందల కిలోమీటర్లు తొక్కినా నడుము పట్టకూడదు. కార్బన్ తీసుకోమంటారా?" వారానికి ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. అడగనివారు "స్టీలు మెత్తగా ఉంటుందట కదా" అని మొదలుపెడతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయి, అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ ఒంటికి తెలిసే సుఖంలో ఫ్రేము పదార్థం వాటా చాలా తక్కువ. టైరు వెడల్పు, అందులోని గాలి, మీరు కూర్చునే తీరు, సీటు పోస్టు (సీటును మోసే కడ్డీ), ఈ నాలుగూ తేలాకే పదార్థం సంగతి. కింది మెట్లలోనూ ముందు అవే, తర్వాతే పదార్థం. వరుస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, నడుము నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- కొలత టేపు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు
- మీటరున్న గాలి పంపు
- చిన్న అయస్కాంతం, ఒక రూపాయి నాణెం, టార్చి
- మూడు మీటర్ల సన్నని నూలుదారం
- అలెన్ కీలు, 2 నుంచి 10 న్యూటన్ మీటర్ల వరకు చూపే టార్క్ రెంచి (బోల్టు ఎంత బిగిసిందో చూపే కీ; కార్బన్ కొనేవారికి ఇది తప్పనిసరి; మిగతావారికి ఉంటే మంచిది)
- నోటు పుస్తకం

1. ముందు మీ దారి రాసుకోండి

గత మూడు నెలల్లో మీరు నిజంగా తొక్కిన దారులు రాయండి. తొక్కాలనుకున్నవి వద్దు. ఆదివారం ఉదయం నలభై కిలోమీటర్ల గుంపు రైడా? పదమూడున్నర గంటల గడువున్న 200 కిలోమీటర్ల బీఆర్‌ఎమ్మా (గడువులోపు పూర్తి చేయాల్సిన, పోటీ కాని దూరపు రైడు)? ఏడాదికి రెండు రేసులా? సైకిలు రాత్రి ఎక్కడ ఉంటుంది, ఇంట్లోనా, మెట్ల కిందా, వాన జల్లు కొట్టే బాల్కనీలోనా? సైకిలును రైల్లోనో బస్సు డిక్కీలోనో ఎన్నిసార్లు పంపుతారు? చివరి రెండు ప్రశ్నలు ఎవరూ వేసుకోరు. ఫ్రేము పదార్థాన్ని అసలు తేల్చేది అవే.

2. ఇప్పుడున్న సైకిలు మీదే గాలి పరీక్ష చేయండి

ఈ మెట్టు దాటేయకండి. దీనితోనే సమస్య తీరిపోయి, కొత్త ఫ్రేము ఆలోచన మానుకున్నవారు నాకు తెలుసు.

మీ ఇంటి దగ్గర గతుకులున్న ఒక కిలోమీటరు దారి ఎంచుకోండి. మామూలుగా నింపే గాలితో ఒకసారి తొక్కండి. తర్వాత 10 పీఎస్‌ఐ (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత) తగ్గించి మళ్లీ, ఇంకో 10 తగ్గించి మళ్లీ తొక్కండి. ప్రతిసారీ అరచేతుల తిమ్మిరి, నడుము, చూపు అదరడం, ఈ మూడింటికీ పదికి ఎన్ని మార్కులో రాయండి (పది అంటే ఏ ఇబ్బందీ లేనట్టు). వీలైతే గాలి నింపే పని స్నేహితుడికి అప్పగించి, ఎంత నింపాడో మీకు చెప్పవద్దనండి. అప్పుడు మార్కులు నిజాయితీగా పడతాయి.

70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 65–75 పీఎస్‌ఐ చుట్టుపక్కల మొదలుపెట్టవచ్చు, ముందు చక్రానికి వెనకదానికన్నా ఓ అయిదు తక్కువ. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. అంత నింపమని దాని అర్థం కాదు. ఈ ఒక్క అపార్థం వల్ల వంద దాకా నింపి, "అల్యూమినియం ఒళ్లు హూనం చేస్తోంది" అని ఫ్రేమును తిట్టేవారు బోలెడు మంది.

జాగ్రత్త: గాలి మరీ తగ్గిస్తే గుంత అంచున రిమ్ము ట్యూబును నొక్కి, పాము కాటులా రెండు రంధ్రాలు పెడుతుంది. అలా పంక్చరైతే 5 పీఎస్‌ఐ పైకి వెళ్లండి.

ఒక్క పేరాలో సిద్ధాంతం. మీ కింద టైరు, చక్రం, ఫ్రేము, సీటు పోస్టు, సీటు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగుల్లా ఉంటాయి. వాటిలో మెత్తనిదే ఎక్కువ కుదుపును మింగుతుంది. త్రికోణాలతో కట్టిన ఫ్రేము నిలువునా దాదాపు కదలదు, అది ఏ పదార్థమైనా సరే. టైరు మిల్లీమీటర్ల లెక్కన అణుగుతుంది. బయటికి పొడుగ్గా కనిపించే 27.2 మిల్లీమీటర్ల సన్నని సీటు పోస్టు కూడా కంటికి ఆనేంత వంగుతుంది. అంతే, సిద్ధాంతం అయిపోయింది.

3. సైజు, కూర్చునే తీరు తేల్చుకోండి

ఫ్రేము మీద రాసిన 54, 56 అంకెలను నమ్మకండి. ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. రెండే కొలతలు అడగండి. పెడళ్ల ఇరుసు కేంద్రం నుంచి హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేము ముందు గొట్టం) పైఅంచు వరకు నిలువు ఎత్తు స్టాక్. అదే కేంద్రం నుంచి అదే అంచు వరకు అడ్డంగా ఉండే దూరం రీచ్. సైకిలును గోడ పక్కన నిలబెట్టి, దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే ఇంట్లోనే కొలవవచ్చు.

స్టాక్‌ను రీచ్‌తో భాగించండి. 545ను 387తో భాగిస్తే 1.41. అది బాగా వంగి తొక్కే రేసు ఫ్రేము. 570ని 378తో భాగిస్తే 1.51. అది కాస్త నిటారుగా కూర్చోబెట్టేది. రోజంతా ఆఫీసు కుర్చీలో ఉండి, వంగి నేలను తాకలేని మనిషి 1.41 కొని, నడుము నొప్పికి కార్బన్‌నో అల్యూమినియాన్నో నిందిస్తే పాపం వాటి తప్పేముంది?

సరిచూసుకోవడం: హుడ్ల (బ్రేకు లివర్ల రబ్బరు పిడుల) మీద చేతులు పెట్టి పది నిమిషాలు తొక్కాక, ఒక్కసారి రెండు చేతులూ కొద్దిగా పైకి లేపి చూడండి (సైకిలును కదలకుండా నిలిపి తొక్కించే ట్రెయినర్ మీద మాత్రమే, రోడ్డు మీద వద్దు). ముందుకు తూలిపడితే మీ బరువు చేతుల మీద ఎక్కువగా ఉంది. సీటు స్థానం, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క), కాకపోతే ఫ్రేము సైజు మార్చాలి.

4. టైరుకు చోటెంతో చూడండి

కొనబోయే ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగండి. 28 మిల్లీమీటర్లు పట్టి, ఇరువైపులా 4 మిల్లీమీటర్లయినా ఖాళీ మిగలాలి. 32 పడితే ఇంకా మంచిది. 25 మాత్రమే పట్టే ఫ్రేము మన రోడ్ల మీద దూరాలు తొక్కడానికైతే, అది బంగారంతో చేసినా నేను వద్దంటాను. తక్కువ ధరకు దొరికే పాత రిమ్ బ్రేకు (రిమ్మును నొక్కి ఆపే బ్రేకు) కార్బన్ ఫ్రేములు చాలామటుకు ఇక్కడే ఆగిపోతాయి.

కొలిచేటప్పుడు టైరు మీద రాసిన అంకె కాకుండా గాలి నింపాక నిజంగా ఎంత ఉందో చూడండి. లోపలి వెడల్పు ఎక్కువున్న రిమ్ము మీద 28 టైరు 30 దాకా పొంగవచ్చు.

5. బరువు లెక్క మీరే వేసుకోండి

మామూలుగా రేసు కార్బన్ ఫ్రేము 700 నుంచి 1,000 గ్రాములు, మంచి అల్యూమినియం 1,200 నుంచి 1,500, టైటానియం 1,300 నుంచి 1,700, మంచి స్టీలు 1,600 నుంచి 2,200 వరకు తూగుతాయి. కార్బన్‌కూ స్టీలుకూ తేడా కిలో అనుకుందాం.

ఆరు శాతం వాలుతో ఎనిమిది కిలోమీటర్ల ఘాట్ ఎక్కుతున్నారు. అంటే 480 మీటర్ల ఎత్తు. ఒక కిలోను అంత ఎత్తుకు మోయడానికి దాదాపు 4,700 జౌళ్లు కావాలి. మీరు 200 వాట్ల బలంతో తొక్కితే అది 24 సెకన్లు. మీరూ సైకిలూ కలిసి 80 కిలోలుంటే ఆ ఎక్కుడు మొత్తానికి 35 నిమిషాలకు పైగా పడుతుంది. అందులో 24 సెకన్లు! పోటీలో మొదటి పదిమందిలో ఉండేవారికి అది ప్రాణం. మిగతావారికి నిండుగా నింపిన లీటరు నీళ్ల సీసా బరువు. చదును రోడ్డు మీద ఈ తేడా ఇంచుమించు మాయమవుతుంది, అక్కడ మీ శత్రువు గాలి.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం ప్రకారం రేసు సైకిలు 6.8 కిలోల కన్నా తేలికగా ఉండకూడదు. అంటే తేలిక కోసం పరుగుకు పైవాళ్లకే ఒక గోడ ఉంది. ఇంకో సంగతి. 1986లో అమెరికా రేసరు గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేము మీద టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. తర్వాత ఎనిమిదేళ్లకు, 1994లో, మిగేల్ ఇందురైన్ స్టీలు మీద గెలిచాడు. 1998లో మార్కో పంతానీ అల్యూమినియం మీద గెలిచాడు. ఈరోజు పైస్థాయి రేసుల్లో కార్బన్ తప్ప ఇంకేదీ కనిపించదన్నది నిజమే. కారణం తేలిక ఒక్కటే కాదు, గాలిని చీల్చే ఆకారంలో గొట్టాన్ని ఎలా కావాలంటే అలా పోతపోయడం కార్బన్‌లోనే సులువు.

6. ఇప్పుడు పదార్థం ఎంచుకోండి

"ఈ పదార్థం గట్టిది, ఆ పదార్థం మెత్తనిది" అనే ముందు ఒక్క ఉదాహరణ. 1980లలో ఫ్రాన్సులో వీటుస్ 979 అనే అల్యూమినియం ఫ్రేము ఉండేది. సన్నని గొట్టాలను జిగురుతో అతికించి చేసేవారు. బలంగా తొక్కితే ఊగుతుందని దానికి పేరు, అయినా ఐర్లాండు రేసరు సీన్ కెల్లీ దాని మీద ఎన్నో రేసులు గెలిచాడు. అదే దశాబ్దంలో అమెరికాలో క్యానన్‌డేల్ లావాటి గొట్టాలతో అల్యూమినియం ఫ్రేములు చేసింది. అవి రాయిలా ఉంటాయని పేరు. ఒకే లోహం, రెండు వ్యతిరేక పేర్లు! గోడ మందం మార్చకుండా గొట్టం వ్యాసం రెండింతలు చేస్తే బిగువు ఎనిమిదింతలు అవుతుంది. గొట్టాన్ని ఎలా చేశారన్నదే అసలు మాట.

కాబట్టి ఎంపికకు వేరే ప్రశ్న వేసుకోండి: ఇది ఎలా పాడవుతుంది, పాడైతే నేనేం చేయగలను?

*అల్యూమినియం.* లక్ష రూపాయల లోపు కొత్త సైకిలుకు ఇదే సరైన జవాబు. మిగిలిన డబ్బు టైర్లకు, చక్రాలకు, కొలతలు సరిచేయించుకోవడానికి వాడండి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే చీలిక) మాత్రం కార్బన్‌ది ఉండేలా చూడండి. తుప్పు భయం తక్కువ, వానలో నిశ్చింత. పగిలితే మాత్రం దాదాపు పారేయడమే. వెల్డింగు చేశాక కొలిమిలో వేడి చేసి గట్టిపరిచిన లోహం ఇది. వీధి చివర వెల్డింగు షాపులో అతికిస్తే ఆ గట్టిదనం పోతుంది, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. దయచేసి ఆ ప్రయోగం చేయకండి.

*స్టీలు.* బరువు పట్టించుకోనివారికి, పదేళ్లు ఒకే సైకిలు ఉంచుకునేవారికి. క్రోమ్‌మోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి స్టీలు) అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. వట్టి "హై టెన్సైల్" అని ఉంటే అది పాలు పోసే సైకిలుకు అన్నగారు, బరువుతో చంపుతుంది. డొక్కుపోయినా, వంగినా, చేయి తిరిగిన పనివాడు సరిచేయగలడు. శత్రువు తుప్పు, అదీ లోపలి నుంచి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం దగ్గర ఉంటే మరీ జాగ్రత్త. కొన్న రోజే సీటు పోస్టు తీసి గొట్టం లోపల తుప్పు నివారణ ద్రవం చల్లించండి. అడుగున నీరు కారే రంధ్రం మూసుకుపోలేదని చూడండి. ఇంట్లో ట్రెయినర్ మీద తొక్కేవారి చెమట కూడా ఉప్పునీరే, టాప్ ట్యూబు (ఫ్రేము పై గొట్టం) మీద తువ్వాలు వేయండి.

నా గొడవ ఒకటి చెప్పాలి. స్టీలు ఫ్రేములో అల్యూమినియం సీటు పోస్టును గ్రీజు లేకుండా రెండు వర్షాకాలాలు వదిలేశాను. మూడో ఏడాది సీటు ఎత్తు మార్చబోతే కదల్లేదు. వేడినీళ్లు పోశాం, చొచ్చుకుపోయే నూనె రాత్రంతా నానబెట్టాం, పోస్టును బెంచీ బిగింపులో పట్టి ఇద్దరం ఫ్రేమునే తిప్పాం. చివరికి పోస్టును పైన కోసేసి, లోపల మిగిలిన గొట్టాన్ని ఆక్సా బ్లేడుతో నిలువునా గీరుతూ కూర్చున్నాను. ఉదయం మొదలుపెడితే భోజనాల వేళకు తెల్లని పొడితో పాటు బయటికి వచ్చింది. రెండు వేర్వేరు లోహాలు, నడుమ ఉప్పునీరు, అంతే సంగతి. ఆరు నెలలకోసారి పోస్టు తీసి తుడిచి గ్రీజు రాస్తే అయిదు నిమిషాల పని.

*టైటానియం.* తుప్పు పట్టదు, రంగు అక్కర్లేదు, గీతలు పడితే రుద్ది తీసేయవచ్చు. ధర కార్బన్‌తో సమానం, ఒక్కోసారి ఎక్కువ. పగిలితే అతికించడానికి గాలి తగలకుండా వెల్డింగు చేసే నిపుణుడు కావాలి, మీ ఊళ్లో దొరక్కపోవచ్చు. దూరాలు తొక్కేవారికీ, సైకిలును రైళ్లలో తిప్పేవారికీ నిశ్చింత. సీటు పోస్టు ఇరుక్కునే గొడవ దీనికీ ఉంది, కనుక గ్రీజు బదులు యాంటీ సీజ్ పేస్టు (లోహాలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపేది) రాయండి. డబ్బుండి, రేసు మోజు తగ్గాక కొనే ఫ్రేము ఇది అని నా అభిప్రాయం.

*కార్బన్.* నిజంగా రేసులు చేసేవారికి. పొరలను ఏ దిక్కున పేర్చారన్న దాన్ని బట్టి ఒకచోట బిగువుగా, ఇంకోచోట కాస్త వంగేలా చేయగలరు. మిగతా మూడింటికీ చేతకాని పని అది. కానీ చౌక కార్బన్‌లో ఆ శ్రద్ధ ఉంటుందనుకోకండి. చౌక కార్బన్‌కూ మంచి అల్యూమినియానికీ మధ్య నన్ను ఎంచుకోమంటే రెండోదే తీసుకుంటాను.

దీనికి భయం పక్కవాటు దెబ్బ, మితిమీరిన బిగింపు. ఒక షాపులో మెకానిక్ అలవాటు చొప్పున మామూలు కీతో నా కార్బన్ పోస్టు బోల్టు బిగించాడు. చిన్న టిక్కుమన్న శబ్దం. ఏమీ కాలేదన్నాడు. నెల తర్వాత క్లాంపు కింద వెంట్రుకంత గీత కనిపించింది. బోల్టు దగ్గర రాసిన అంకె, చాలామటుకు 5 న్యూటన్ మీటర్లో ఇంకా తక్కువో, దాటనివ్వకండి. జారుతోందా? ఇంకా బిగించకుండా కార్బన్ పేస్టు (పట్టు పెంచే గరుకు పేస్టు) రాయండి. రిపేరు స్టాండు మీద పెట్టేటప్పుడు ఫ్రేము గొట్టాన్ని పట్టించవద్దు, సీటు పోస్టును పట్టించండి.

7. ఫ్రేమును పరీక్షించండి

పాతది కొంటుంటే ప్రతి పరీక్షా చేయండి. కొత్తదైనా మొదటి రెండూ చేయండి.

క) అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే స్టీలు. "టైటానియం" అని అమ్మేదానికి అంటుకుంటే ఇంటికి వచ్చేయండి.

ఖ) పెడళ్ల ఇరుసు బిగించే తీరు అడగండి. మరలున్నదైతే మంచిది. నొక్కి దూర్చే రకం కొలతలు సరిగా లేకపోతే నెలకే కిర్రుమంటుంది, ఆ శబ్దం ఎక్కడినుంచో తెలియక సగం ప్రాణం పోతుంది.

గ) దారం ఒక కొన వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడికి కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగువుగా కట్టండి. సీటు ట్యూబుకూ (సీటు పోస్టు దిగే గొట్టానికీ) దారానికీ మధ్య ఖాళీని రెండు వైపులా కొలవండి. తేడా 2 మిల్లీమీటర్లు దాటితే ఫ్రేము వంకర. మామూలు గుండ్రని గొట్టాల ఫ్రేములకు ఇది బాగా పనిచేస్తుంది.

ఘ) టార్చి ఏటవాలుగా పట్టి వెల్డింగుల పక్కన, పెడళ్ల ఇరుసు చుట్టూ, హెడ్ ట్యూబు కింద చూడండి. గీత కనిపిస్తే గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అనుమానించండి. డౌన్ ట్యూబు (హెడ్ ట్యూబు నుంచి పెడళ్ల ఇరుసుకు దిగే గొట్టం) అడుగున రంగు అలలా ముడుచుకుంటే ఆ సైకిలు దేన్నో ఎదురుగా గుద్దింది.

ఙ) కార్బన్ అయితే నాణెంతో రెండేసి సెంటీమీటర్లకు మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. బాగున్నచోట "టక్ టక్"మని స్ఫుటంగా పలుకుతుంది. లోపల పొరలు విడిపోయినచోట తడి చెక్కను తట్టినట్టు "దబ్"మంటుంది. కుడివైపు ఒకచోట అనుమానం వస్తే ఎడమవైపు అదేచోట తట్టి పోల్చండి. గొట్టం మందం మారేచోట శబ్దం సహజంగానే మారుతుంది, కంగారు పడకండి. శబ్దం బాగుందని పూర్తి భరోసా కూడా వద్దు. పెద్ద దెబ్బ తిన్నదని తెలిస్తే కొనకపోవడమే మేలు.

8. తొక్కి చూడండి, సరైనచోట

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. అక్కడ ఏ సైకిలైనా హాయిగానే ఉంటుంది. తొక్కడానికి బాగుంటుంది గానీ ఫ్రేమును పరీక్షించడానికి పనికిరాదు. రెండో మెట్టులో ఎంచుకున్న మీ గతుకుల కిలోమీటరుకే తీసుకెళ్లండి.

పోల్చేటప్పుడు రెండు సైకిళ్లలోనూ ఒకే వెడల్పు టైర్లు, ఒకే గాలి ఉండాలి. ఒకదానిలో 25 టైరు, 100 పీఎస్‌ఐ. రెండోదానిలో 32 టైరు, 55 పీఎస్‌ఐ ఉంచి "కార్బన్ ఎంత మెత్తగా ఉందో" అంటే మీరు పోల్చింది గాలిని. షాపులో పంపు అడిగి సమానం చేయండి, మొహమాటపడకండి. సీటు కూడా వీలైతే మీదే పట్టుకెళ్లి వేయించండి.

నలభై నిమిషాలు తొక్కండి. అయిదు నిమిషాల్లో ప్రతి కొత్త సైకిలూ బాగుంటుంది. లేచి నిలబడి బలంగా తొక్కుతూ చైను ముందు గేరుకు రాసుకుంటోందేమో వినండి. వాలులో హ్యాండిల్ వణుకుతోందేమో గమనించండి. తర్వాత దిగి, పాత నోటు పుస్తకం తీసి అవే మూడు మార్కులు వేయండి. పాత సైకిలుకు సరైన గాలితో వచ్చిన మార్కులకన్నా కొత్తది రెండు మార్కులైనా ఎక్కువ తెచ్చుకోకపోతే కొనుగోలు ఆపేయండి. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి టైర్లు, సన్నని కార్బన్ సీటు పోస్టు తీసుకుని నెల తొక్కి చూడండి. పోస్టు వ్యాసం సాధారణంగా ఇప్పుడున్న పోస్టు మీదే అచ్చు వేసి ఉంటుంది. అది 27.2 కన్నా లావుదైతే షిమ్ము (సందు నింపే పలచని గొట్టం ముక్క) వేసి సన్నది అమర్చవచ్చు.

కొన్నాక మొదటి 200 కిలోమీటర్లకు అన్ని బోల్టులూ టార్క్ రెంచితో ఒకసారి సరిచూడండి. సీటు పోస్టు ఎక్కడిదాకా దిగిందో దాని చుట్టూ సన్నని టేపు ముక్క అంటించి ఉంచండి. నెల తర్వాత ఆ టేపు ఫ్రేము అంచుకు ఇంకా సమంగా ఉందో లేదో చూడండి. కిందికి జారి ఉంటే, ఈ మధ్య మొదలైన మోకాలి నొప్పికి కారణం అక్కడే ఉంది.